ఏ వారంలో ఎంత? – ఒక స్ప్రెడ్‌షీటు కథ

ఈ శీర్షికలో మామూలుగా కొత్తగా వచ్చిన కంప్యూటరు భాష గురించో, డేటాబేసుల గురించో రాస్తుంటాను. ఈసారి సరుకు పాతది. 1979లో యాపిల్-2 కంప్యూటరు మీద విజికాల్క్ అనే ప్రోగ్రాము వచ్చింది. గళ్లలో అంకెలు వేసి, ఒక గడిలో అంకె మారిస్తే దాని మీద ఆధారపడ్డ గళ్లన్నీ వాటంతటవే మారతాయి. ఇప్పటి ఎక్సెల్ అయినా గూగుల్ షీట్స్ అయినా దాని సంతానమే. మాస్టర్స్ చదివే రోజుల్లో "ఇదీ ఒక ప్రోగ్రామింగేనా" అని దీన్ని చిన్నచూపు చూసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. 2023 సెప్టెంబరు నుంచి 2025 ఫిబ్రవరి దాకా, పదిహేడు నెలల్లో నేను రాసిన వాటన్నిటిలోకీ ఒక మనిషికి నిజంగా అక్కరకొచ్చింది మాత్రం ఇలాంటి షీటు ఒక్కటే. అది కూడా పూర్తిగా సరైనదేం కాదు. ఆ సంగతీ చెప్తాను.

మస్కట్‌లో మా బృందాన్ని ఘాలా నుంచి క్లయింటు ఆఫీసుకు దింపే వ్యాను ఒకటుంది. దాన్ని నడిపే అతనిది జగిత్యాల జిల్లా. జీతం 180 రియాళ్లు. తిండికీ ఫోనుకూ పోగా నెలకు 140 ఇంటికి పంపుతాడు. రియాల్‌కు అప్పుడు 216 రూపాయలు, అంటే ముప్పై వేల పైచిలుకు. భార్య ఊళ్లోనే ఉండి బీడీలు చుడుతుంది. బాబు రెండో తరగతి, పాపకు నాలుగేళ్లు. వాళ్లిద్దరూ సరేనన్నాకే ఇది రాస్తున్నాను. పేర్లు మాత్రం వద్దన్నారు.

ఒక గురువారం సాయంత్రం అందరూ దిగిపోయాక అతను ఇంజను ఆపకుండానే అడిగాడు.

"అన్నా, ఊర్ల ఇరువై గుంటలున్నది. అమ్మేద్దామనుకుంటున్న. తొందరగ పైసలు రావాలంటే ఎట్ల?"

భార్యకు రొమ్ములో గడ్డ. కరీంనగర్‌లో ముక్క తీసి పరీక్ష చేశారు, కేన్సర్ అన్నారు. "మొత్తం పది లచ్చలైతయట" అన్నాడు. ఆ పది లక్షలు ఎవరు చెప్పారని అడిగితే వాళ్ల మేనమామ ఊళ్లో ఎవరికో అయ్యాయట. ఇరవై గుంటలంటే అరెకరం. ఉన్నది అదే. నాన్న అప్పటికే బేరం మొదలుపెట్టాడు, కొనేవాడికి వీళ్ల అవసరం తెలిసిపోయింది, ధర రోజురోజుకీ దిగుతోంది.

శుక్రవారం అతన్ని మా ఇంటికి రమ్మన్నాను. ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి ఒక్కొక్క ఖర్చూ రాయడం మొదలుపెట్టాం. మొదట నేను చేసిన తప్పు అందరూ చేసేదే. ఎడమ పక్క ఖర్చుల పేర్లు, కుడి పక్క రూపాయలు, కింద మొత్తం. ఆ మొత్తం చూశాక ఇద్దరికీ నోట మాట రాలేదు. మొత్తం అనేది భయపెట్టడానికి తప్ప దేనికీ పనికిరాదని నాకు కాసేపటికి గానీ తట్టలేదు. కేన్సర్ చికిత్స ఒక్కరోజులో అయ్యేది కాదు కదా! ఇన్ని కీమోలు, ఒక్కోదానికీ మధ్య 21 రోజులు, తర్వాత ఆపరేషను, తర్వాత రేడియేషను. డబ్బు కూడా ఆ వరసలోనే కావాలి. అతని జీతం కూడా నెలనెలా వస్తూనే ఉంటుంది. కాబట్టి ఎంత అని కాదు, ఏ వారంలో ఎంత అని అడగాలి.

షీటును తిప్పి రాశాను. మొదటి నిలువు వరసలో తేదీ. తర్వాత ఏం ఖర్చు, ఎంత, ఎవరిస్తారు, చివర ఆ రోజుకు చేతిలో మిగిలే నిల్వ. నిల్వ సున్నా కన్నా తగ్గితే ఆ గడి ఎర్రబడేలా పెట్టాను. అంతే, ఇంతకు మించి అందులో విద్యేమీ లేదు. కానీ ఆ ఎర్ర గళ్లు ఎక్కడెక్కడున్నాయో చూస్తే కథ మారిపోయింది. పదిహేడు నెలల్లో ఎరుపు మూడే చోట్ల గుంపులుగా ఉంది. స్కాన్లూ పరీక్షలూ జరిగే మొదటి మూడు వారాలు, 2024 జనవరి, ఆపరేషను జరిగే నెల. మిగతా రోజుల్లో ఎలాగోలా గడిచిపోతుంది. ఎర్ర గళ్లన్నిటిలోకీ లోతైనది కూడా లక్షా చిల్లరే. లక్షా చిల్లర కోసం అరెకరం ఎవరైనా అమ్ముతారా?

"మీ నాయనకు ఫోన్ చేసి బేరం ఆపమను తమ్ముడూ" అన్నాను. నాకు అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. ఆ రాత్రి నేను సరిగ్గా నిద్రపోలేదు.

మొదటి గుంటను బంగారంతో పూడ్చాం. ఆమెకు నాలుగు తులాలుంది. మా తెనాలి వైపు "నూటికి రెండు" అంటాం, వాళ్లు "రెండు రూపాయల మిత్తి" అంటారు. ఎలా అన్నా ఏడాదికి 24 శాతం. లక్షా ఇరవై వేలు ఊళ్లో తెస్తే నెలకు 2,400 వడ్డీ. అదే డబ్బు బ్యాంకులో బంగారం మీద 9 శాతానికి తెస్తే నెలకు 900. ఈ మాట ఎవరికి తెలియదు అనకండి. తెలిసి కూడా ఆసుపత్రి నుంచి ఫోన్ రాగానే ముందు గుర్తొచ్చేది ఊళ్లో అప్పిచ్చే మనిషే, ఎందుకంటే అతను రాత్రి పది గంటలకైనా ఇస్తాడు. బ్యాంకు పదింటికి గానీ తెరవదు. ఏ వారంలో ఎంత కావాలో నెల ముందే తెలిస్తే బ్యాంకు తెరిచి ఉన్నప్పుడు వెళ్లొచ్చు.

ఆమె పీఎఫ్ సంగతి కూడా ఆ శుక్రవారమే బయటపడింది. బీడీ కార్మికులకు పీఎఫ్ ఉంటుందని నాకు తెలియదు, అతనికేమో అది ముసలితనంలో వచ్చే డబ్బు. అప్పటి పీఎఫ్ నిబంధనల్లో 68-జె అనే పేరా కింద కేన్సర్‌లాంటి పెద్ద జబ్బులకు సభ్యురాలు తన వాటా నుంచి కొంత తీసుకునే వీలుంది. ఆ లెక్కన ముప్పై ఎనిమిది వేలు రావాలి. నేను గొప్పగా అక్టోబరు గడిలో రాసేశాను. డబ్బు వచ్చింది జనవరిలో. ఆధార్‌లో ఇంటిపేరుతో, పీఎఫ్‌లో ఇంటిపేరు లేకుండా ఉన్న రెండు పేర్లూ ఒకటని సరిచేయించుకోవడానికి అంతకాలం పట్టింది. అప్పటి నుంచి రావలసిన డబ్బును బూడిదరంగులో రాసి, చేతికొచ్చాకే నల్లరంగులోకి మార్చాను. బూడిదరంగు అంకెలు నిల్వలో కలవవు. మీలో ఎవరైనా ఇలాంటి షీటు చేస్తే ఈ ఒక్కటి మాత్రం మొదటి రోజునుంచే పాటించండి.

అక్టోబరులో రెండు షీట్లు నడిపాం. కారణం ఒక పరీక్ష. రొమ్ము కేన్సర్ కణాల మీద హెర్-2 అనే ప్రోటీను ఎక్కువగా ఉందా లేదా అని చూస్తారు. ఐహెచ్‌సీ అనే రంగుపరీక్షలో 3+ వస్తే ఉన్నట్టు; సున్నా, 1+ వస్తే ఆ మందు అవసరం లేనట్టు. ఈమెకు 2+ వచ్చింది, అంటే ఎటూ కాదు. అప్పుడు ఫిష్ అనే జన్యుపరీక్ష చెయ్యాలి. దానికి కరీంనగర్‌లో తీసిన ముక్కను మైనంలో పొదిగిన దిమ్మ హైదరాబాదుకు చేరాలి. చాలామంది రిపోర్టు కాగితాలు పదిలంగా దాచుకుని ఆ దిమ్మనూ గాజుపలకల్నీ ల్యాబులోనే వదిలేస్తారు. అవి లేకపోతే ముక్క మళ్లీ తియ్యాల్సి రావచ్చు. కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పంపొచ్చు గానీ మైనం దిమ్మను పంపలేం కదా! వాళ్ల మరిది బస్సులో మోసుకెళ్లాడు.

ఫలితానికి పది రోజులు. ఒక షీటులో హెర్-2 ఉన్నట్టు, ఇంకోదానిలో లేనట్టు. తేడా పద్దెనిమిది వరసలు: ఏడాది పాటు మూడు వారాలకొకసారి ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షను. అతను రోజూ "లేదనే వస్తదేమో అన్నా" అనేవాడు. ఉందని వచ్చింది. హైదరాబాదు డాక్టరుగారు ఫోన్లో చెప్పిన మాట నాకు కొత్త. ఉందంటే జబ్బు దూకుడైనదే గానీ దానికి గురిచూసి కొట్టే మందు కూడా ఉందన్నమాట, దాన్ని దురదృష్టం అనుకోవద్దు అన్నారు. అలా ఒకే ఫలితం ఆమె ఒంటికి ఒక దారి చూపించి, వాళ్ల జేబుకు చిల్లు పెట్టింది.

ఇక్కడ కాసేపు పక్కకు వెళ్తాను. ఈ మందు అమెరికాలో 1998లో అనుమతి పొందింది. మనవైపు మామూలు మనిషి దాని పేరెత్తే పరిస్థితే ఉండేది కాదు. 2014 జనవరిలో బయోకాన్ మన దేశంలో దాని బయోసిమిలర్‌ను విడుదల చేసింది, తర్వాత ఇంకా కొన్ని కంపెనీలు వచ్చాయి. మందు ధర ఎలా కూలుతుందో తెలుగువాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే మన హైదరాబాదు నాట్కో ఉంది. 2012 మార్చిలో కాలేయ, మూత్రపిండాల కేన్సర్లకు వాడే సొరాఫెనిబ్‌కు దేశంలోనే మొదటి కంపల్సరీ లైసెన్సు ఆ కంపెనీకి దక్కింది. నెలకు దాదాపు 2,80,000 రూపాయలున్న మందును 8,880కి ఇవ్వాలన్నారు. 2019 ఫిబ్రవరిలో ప్రభుత్వం 42 కేన్సర్ మందుల మీద అమ్మకందారుల లాభాన్ని 30 శాతానికి కట్టడి చేసింది. నా షీటులో "సీసా 16,000" అనే గడి వెనక ఇంత చరిత్ర ఉంది. ఈ ధర మాకు దొరికినది. సీసా మీద ముద్రించిన ధరకూ దీనికీ చాలా తేడా ఉంది, కాబట్టి నాలుగుచోట్ల అడగకుండా కొనకండి.

పద్దెనిమిది డోసులు, పద్దెనిమిది సీసాలు, 2,88,000 రూపాయలు. కీమో, ఆపరేషను, రేడియేషను ఆరోగ్యశ్రీ కింద జరిగేట్టు కుదిరింది. ఈ ఇంజెక్షనును మాత్రం సొంత ఖర్చుగానే రాసుకున్నాం. మొత్తంలో దాదాపు సగం ఇదే. అందుకే నేను దాని మీద పడ్డాను. సీసాలో 440 మిల్లీగ్రాములుంటాయి. ఆమె బరువు 52 కిలోలు. మొదటి డోసు కిలోకు 8 మిల్లీగ్రాముల చొప్పున 416, ఆ తర్వాతవి కిలోకు 6 చొప్పున 312. అంటే ప్రతిసారీ 128 మిల్లీగ్రాములు మిగులుతాయి. మిగిలింది ఏం చేస్తారు? పారేస్తారా?

మందుతో వచ్చే కాగితం చదివాను. సీసాతోపాటు ఇచ్చే బ్యాక్టీరియా పెరగనివ్వని నీటితో కలిపితే ఫ్రిజ్జులో 2 నుంచి 8 డిగ్రీల మధ్య 28 రోజులు ఉంచొచ్చు. డోసుల మధ్య 21 రోజులే! ఇప్పుడు లెక్క చూడండి. ఒక సీసా తెరిచి 312 వాడితే 128 మిగులు. తర్వాతి డోసుకు ఆ 128కి కొత్త సీసా నుంచి 184 కలిపితే 312, మిగులు 256. ఆ తర్వాత 256కి మూడో సీసా నుంచి 56 కలిపితే చాలు, మిగులు 384. నాలుగో డోసు ఆ 384లోంచే వెళ్తుంది. చివర్న మిగిలే 72 మాత్రం గడువు దాటుతుంది కాబట్టి పారెయ్యాలి. నాలుగు డోసులకు మూడు సీసాలు! మొదటి డోసుకొకటి, మధ్య పదహారు డోసులకు పన్నెండు, చివరిదానికొకటి. పద్దెనిమిది కాదు, పద్నాలుగు. 64 వేలు మిగులు.

అర్ధరాత్రి ఒక్కణ్ణే చప్పట్లు కొట్టుకున్నాను. తెల్లారాక భయం వేసింది. ఇది సాఫ్టువేరు కాదు, తప్పయితే వెనక్కి తిప్పలేం. అందుకని షీటును ఎవరికీ చూపించకుండా ముందు ఆమె డాక్టరుగారికి ఒక ప్రశ్నగా మాత్రమే పంపాను: మిగిలిన మందును మీ ఫార్మసీలోనే తేదీ రాసి ఉంచడం కుదురుతుందా? కుదురుతుంది గానీ కలపడం మా దగ్గరే, ఉంచడం మా ఫ్రిజ్జులోనే, ఇంటికి తీసుకెళ్లి తెస్తే ముట్టుకోం, బరువు మారితే లెక్క మారుతుంది, డోసు వారానికి మించి ఆలస్యమైతే మిగిలింది పారేస్తాం అన్నారు. ఆ షరతులన్నీ న్యాయమైనవే. అన్ని మందులకూ, అన్ని కంపెనీల సీసాలకూ ఇది వర్తించదు, కాబట్టి దయచేసి నా లెక్క చూసి మీరేదీ చెయ్యకండి. అడగండి, అంతవరకే.

పద్నాలుగు సీసాలయ్యాక ఇంకో పని సులువైంది. అతనికి మస్కట్‌లో తెలిసినవాళ్లు, అతని బండిలో రోజూ ఎక్కి దిగేవాళ్లు సాయం చేస్తామన్నారు. ఇక్కడ అందరూ తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. 2018 నాటి ఒమన్ శిక్షాస్మృతి ప్రకారం అనుమతి లేకుండా జనం నుంచి విరాళాలు పోగుచెయ్యడం నేరం. జైలు, జరిమానా రెండూ ఉన్నాయి. మంచిపనికే కదా అంటే చెల్లదు. అందుకే మేం ఎక్కడా పిలుపు ఇవ్వలేదు, ఎవరి ఖాతాలోనూ డబ్బు పోగుపడలేదు. అతన్ని స్వయంగా ఎరిగినవాళ్లు, ఎవరికి వారు, నేరుగా ఆమె బ్యాంకు ఖాతాకే పంపారు. నా చేతికి ఒక్క బైసా రాలేదు. షీటులో పద్నాలుగు సీసాల తేదీలుంటాయి. ఎవరైనా "ఏప్రిల్ సీసా నాది" అంటే ఆ గడి నిండుతుంది, నెలవైపు ఇద్దరు కలిసి చెరి సగం తీసుకునేవాళ్లు. సీసాకు 74 రియాళ్లు. ఒకేసారి ఐదు వందలివ్వమంటే ఎవరూ ఇవ్వలేరు. ఆరు నెలల తర్వాత ఫలానా తేదీకి 37 ఇవ్వమంటే కాదనేవాళ్లు తక్కువ.

ఐదూ పదీ రియాళ్లు పంపేవాళ్లకు రూవీ ఎక్స్ఛేంజిలో ప్రతిసారీ కట్టే రుసుమే బరువు. మాకు కలిసొచ్చిందేమిటంటే 2023 జనవరిలో ఎన్‌పీసీఐ పది దేశాల ఫోను నంబర్లతో ప్రవాసుల ఎన్నారై ఖాతాల నుంచి యూపీఐ వాడుకోవడానికి అనుమతించింది. ఆ పదిలో ఒమన్ ఒకటి. మన బ్యాంకు ఆ సదుపాయం ఇస్తే చాలు, మస్కట్‌లో కూర్చుని జగిత్యాల ఖాతాకు క్షణంలో రూపాయలు పంపొచ్చు. ఆసుపత్రులకు యూపీఐతో కట్టే పరిమితిని లక్ష నుంచి ఐదు లక్షలకు పెంచుతున్నట్టు రిజర్వు బ్యాంకు 2023 డిసెంబరులో ప్రకటించింది. మాకు అంత అవసరం పడలేదు గానీ ప్రైవేటుగా కట్టేవాళ్లకు అర్ధరాత్రి అది పెద్ద ఊరట.

మాకు అక్కరకొచ్చిన డిసెంబరు సంగతి వేరే ఉంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రెండు లక్షల పరిమితితో మొదలైన ఆరోగ్యశ్రీని తెలంగాణలో 2023 డిసెంబరు 9న పది లక్షలకు పెంచారు. అదే రోజున ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైంది. పేపర్లలో పది లక్షల మాట ముందు చదివాను, కానీ షీటులో కదిలింది బస్సు గడి. జగిత్యాల నుంచి హైదరాబాదుకు ఆమె టిక్కెట్టు, తోడు వెళ్లే అత్తగారి టిక్కెట్టు రెండూ సున్నా అయ్యాయి. తిరుగు ప్రయాణంలో మాత్రం కీమో ఎక్కాక బస్సులో కూర్చోలేక కారు మాట్లాడుకునేవాళ్లు.

షీటు ఆమెకు చేరింది కూడా ఆ రోజుల్లోనే. అతని ఫోనులో ఎక్సెల్ తెరిస్తే ఏమీ అర్థమయ్యేది కాదు కాబట్టి నేను ప్రతి శుక్రవారం ఆ నెల వరకు ఫొటోగా చేసి పంపేవాణ్ణి. అతను దాన్ని ఇంటికి పంపేవాడు. డిసెంబరులో ఒకరోజు ఆమే నాకు ఫోన్ చేసింది.

"అన్నా, గీ లెక్క తప్పున్నది."

ఏది తప్పమ్మా అన్నాను, కొంచెం నొచ్చుకుని.

"మూడు కీమోలకు మూడు సార్లు పోయినట్టు రాసిన్రు. మేం అయిదుసార్లు పోయినం. రెండుసార్లు తెల్లకణాలు తక్కువున్నయని మర్లగొట్టిన్రు. ఆ పైసలు ఎవలు రాసిన్రు?"

ఎవరూ రాయలేదు. పోయిన ప్రతిసారీ బస్సు, కారు, ఒక రాత్రి బస, తిండి కలిపి ఆరు వేలు. రెండుసార్లు ఊరికే పోయివచ్చినందుకు పన్నెండు వేలు. నా షీటులో 21 రోజులకొకసారి గంట కొట్టినట్టు కీమో జరిగిపోతోంది. ఆమె ఒంట్లో అలా జరగడం లేదు. బీడీలు చుట్టే మనిషికి ఆకెంత, తంబాకెంత, కట్టలెన్ని, కంపెనీ తీసేసినవెన్ని అని రోజూ లెక్క ఉంటుంది. ఆమె దగ్గర నోటుబుక్కు ఉంది. అప్పటి నుంచి ఆ నోటుబుక్కు అసలు, నా షీటు దాని నకలు. ఉపాయం కూడా ఇద్దరం కలిసే కనిపెట్టాం. బయల్దేరే ముందురోజు పొద్దున జగిత్యాలలోనే రక్తపరీక్ష చేయించి, రిపోర్టు ఫొటో హైదరాబాదులో నర్సుకు పంపి, రమ్మంటేనే బస్సెక్కడం. ఆ తర్వాత ఊరికే పోయిరావడం ఒక్కసారి కూడా జరగలేదు.

ఇక షీటు పూర్తిగా సరైనది కాదని మొదట్లో ఎందుకన్నానో చెప్పాలి. మొదటి కీమోకు ముందే అతను అడిగాడు, "నేను ఇంటికి పోవాల్నా అన్నా, ఉండాల్నా?" నేను షీటులో చూశాను. ఆరు నెలలు జీతం లేకుండా ఇంటి దగ్గరుంటే లక్షా ఎనభై వేలు తగ్గుతాయి, జనవరి నుంచి గళ్లన్నీ ఎరుపు. "ఉండటమే మంచిది" అన్నాను. అతను తల ఊపాడు. ఉన్నాడు. ఎనిమిది కీమోలకూ ఆమె పక్కన అత్తగారే. పాప గుండు చేయించుకున్న అమ్మను చూసి రెండు రోజులు దగ్గరికి పోలేదట. ఆ సంగతి అతను అద్దంలో నా వంక చూడకుండా చెప్పాడు.

2024 ఏప్రిల్లో ఆపరేషనుకు ఏడాది సెలవు వాడుకుని నెలరోజులు వెళ్లాడు. అతను అక్కడున్నప్పుడు వేరే పనిమీద ఒమన్ కార్మిక చట్టం తెరిచాను. 2023 జులైలో వచ్చిన కొత్త చట్టం అది. అందులో సెలవుల జాబితాలో, భార్యగానీ భర్తగానీ దగ్గరి బంధువుగానీ రోగి అయితే తోడు వెళ్లడానికి 15 రోజుల సెలవు అని ఒక వాక్యం ఉంది. మందు కాగితంలో 28 రోజుల మాట వెతికి పట్టుకున్నవాణ్ణి, నేను నిలబడ్డ దేశం చట్టంలో ఈ 15 రోజుల మాట ఎనిమిది నెలలపాటు వెతకలేదు. పేషెంటు ఇండియాలో ఉంటే ఇస్తారో లేదో, అడిగితే ఏమనేవాళ్లో వేరే విషయం. అసలు అడగలేదు. "ఉండాలా, పోవాలా" అని నా షీటులో రెండే దారులు రాసుకున్నాను. పదిహేను రోజులు పోయి రావడం అనే మూడో గడి లేదు. అతను వచ్చాక ఆ వాక్యం చూపించాను. చదివించుకుని, "అప్పుడు మనకు తెల్వదు కద అన్నా" అన్నాడు. కోప్పడితే బాగుండేది.

ఇంకో మాట, ఎవరినీ తప్పుపట్టడానికి కాదు. గల్ఫ్‌కు వచ్చే మన కార్మికులకు ప్రవాసీ భారతీయ బీమా ఉంది, ప్రమాదంలో చనిపోతే పది లక్షలు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు ఐదు లక్షలిస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. 2009 నుంచి రాయబార కార్యాలయాల్లో భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది, ఇక్కడ ఆపదలో పడ్డవాళ్లకు. ఇవన్నీ కావలసినవే. కానీ మనిషి ఇక్కడ నిక్షేపంగా పనిచేస్తూ, అక్కడ భార్య మంచాన పడితే, ఈ కాగితాల్లో దేనిలోనూ ఆ కుటుంబం కనిపించదు. వాళ్లకు ఉన్నది రేషన్ కార్డు మీద వచ్చే వైద్యం, హైదరాబాదు రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె.లాంటి ప్రభుత్వ కేన్సర్ ఆసుపత్రి, మూడు నాలుగు తులాల బంగారం.

పద్దెనిమిదో ఇంజెక్షను 2025 ఫిబ్రవరిలో అయింది. ఆ మందు గుండె మీద పనిచేస్తుందేమోనని మూడు నెలలకొకసారి తీసిన ఎకోలన్నీ బాగున్నాయి. పద్నాలుగో సీసా రూవీలో చిన్న టైలరింగు కొట్టు నడిపే ఒక పెద్దాయనది, తన పేరు షీటులో కూడా రాయొద్దన్నాడు. ఇరవై గుంటల్లో ఆ ఏడు మొక్కజొన్న వేశారు. బంగారం మీద అప్పు ఇంకా డెబ్బై వేలుంది. ఆమె బీడీలు మానేసింది.

పని అయిపోయింది కదా అని మార్చిలో ఆ షీటును పాత ఫైళ్లలోకి తోసేశాను. ఆ శుక్రవారం ఫొటో వెళ్లకపోయేసరికి రాత్రి ఫోన్ వచ్చింది.

"షీటు తీసెయ్యకన్నా. చెకప్పులు అయిదేండ్లున్నయన్నడు డాక్టరు, అవి రాయి. బ్యాంకుల బంగారం ఇడిపిచ్చే తారీఖు రాయి. పాపను జూన్‌ల బడికేస్తున్నం, ఆ ఫీజు గూడ అండ్లనే రాయి."

రాశాను. ఇప్పుడది 2030 మార్చి దాకా ఉంది. ఎర్ర గడి ఒకటే, జూన్‌లో.